క్లిప్పులు తీసిన పిమ్మట – రిటైనర్ల ఆవశ్యకత

(తృతీయ సంవత్సరము, బి.ఎస్‌సి., తెలుగు మాధ్యమము)

మన కళాశాల ఆవరణలో నలుగురు విద్యార్థులు నిలిచి నవ్వినచో, వారిలో ఒకరి దంతములపై లోహపు తీగ మెరయుట నేడు సామాన్యమైపోయినది. ఎత్తుపళ్ళు, వంకరపళ్ళు, ఎడముపళ్ళు, ఒకదానిపై ఒకటి ఎక్కిన పళ్ళు కలవారు దంతవైద్యుని ఆశ్రయించి క్లిప్పులు వేయించుకొనుచున్నారు. ఒకటిన్నర, రెండు సంవత్సరములు ఓర్చుకొని, తుదకు క్లిప్పులు తీసివేసిన దినమున అద్దము ముందు నిలిచి మురిసిపోవుదురు. ఇంటిల్లిపాదికి మిఠాయిలు పంచుదురు. చికిత్స ముగిసినదని అందరును భావింతురు. నిజమునకు ఆ దినమున ముగిసినది సగము చికిత్స మాత్రమే. కదలించిన దంతములను ఆ చోటనే నిలుపుట రెండవ సగము. అందుకొరకు వైద్యుడు ఇచ్చు సాధనమునకే రిటైనర్ అని పేరు. ఈ రెండవ సగమును గురించి మనలో మాట్లాడుకొనువారు బహు తక్కువ. అందుచేతనే ఈ వ్యాసము వ్రాయ సాహసించుచున్నాను.

నా అనుభవము

నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరములో ఉండగా నాకు క్లిప్పులు వేసినారు. పై వరుసలో ఎడమవైపు పార్శ్వ కుంతకము, అనగా నడిమి పంటి ప్రక్కనున్న పన్ను, ఉన్నచోటనే ఒరిగి తిరిగిపోయి ఉండినది. క్రింది ముందుపళ్ళు ఇరుకున పడి ఒకదానినొకటి త్రోసికొనుచుండినవి. 22 నెలలు చికిత్స జరిగినది. మా నాన్నగారు ఆ ఖర్చును నెలనెలా వాయిదాల పద్ధతిని చెల్లించినారు. క్లిప్పులు తీసిన దినమున వైద్యులు రెండు పలుచని పారదర్శకపు ప్లాస్టిక్ తొడుగులు నా చేతికిచ్చి, "వీటిని మానకుండా పెట్టుకోవాలి" అని చెప్పినారు. నేను అద్దములో చూచుకొను సంబరములో ఉండి, ఆ మాటను ఒక చెవితో విని మరియొక చెవితో వదలితిని.

పిమ్మట హాస్టలులో చేరితిని. నా గదిలో ఉర్దూ మాధ్యమపు మిత్రుడు ఒకడు ఉండెడివాడు. అతనికిని ఆ ఏడాదియే క్లిప్పులు తీసినారు. అతడు ప్రతి రాత్రి నోరు శుభ్రము చేసికొని, ఒక పాత సబ్బుపెట్టె నుండి తన రిటైనర్లు తీసి పెట్టుకొని పడుకొనెడివాడు. నేను ఒకనాడు, "ఏం భాయ్, పండ్లకు గూడ తాళం వేస్తున్నవా?" అని హాస్యమాడితిని. అతడు నవ్వి, "తాళమే భాయ్. దొంగ లోపలనే ఉన్నడు" అన్నాడు. ఆ మాటలోని శాస్త్రము నాకు అప్పుడు బోధపడలేదు.

ఒకనాటి రాత్రి మెస్సులో భోజనమునకు కూర్చుండి, నా రిటైనర్లను తీసి వార్తాపత్రిక ముక్కలో చుట్టి కంచము ప్రక్కన పెట్టితిని. భోజనము ముగించి కబుర్లలో పడి లేచిపోయితిని. ఎంగిలి విస్తర్లతోపాటు అవియును చెత్తకుండీలోనికి పోయినవి. మరల చేయించుటకు డబ్బు అడుగవలెను. ఇంటివద్ద చెప్పుటకు సిగ్గుపడి ఊరకుంటిని. మొదటి నెలలో ఏమియు తెలియలేదు. 16 నెలల పిమ్మట మా బంధువుల పెండ్లిలో తీసిన ఛాయాచిత్రమును చూచినప్పుడు, ఎడమవైపు పన్ను మరల తన పాత వంకరకు తిరుగుచున్నదని స్పష్టముగా కనిపించినది. నా మిత్రుని పలువరుస మాత్రము తీర్చినది తీర్చినట్లే ఉన్నది.

ఈ సంవత్సరము మా చెల్లెలికి క్లిప్పులు వేయింపవలసి వచ్చినది. నాన్నగారు నా ముఖము వంక చూచి, "అంత డబ్బు పోసి చేయిస్తే మళ్ళీ మొదటికే వచ్చింది గదరా! ఇప్పుడు దానికి గూడ చేయించి ప్రయోజనమేమిటి?" అని అడిగినారు. ఆనాడు నేను బదులు చెప్పలేకపోయితిని. కళాశాల గ్రంథాలయములో చదివియు, వైద్యులను అడిగియు తెలిసికొన్న విషయములే ఆ ప్రశ్నకు నేను ఇచ్చుకొను సమాధానము.

దంతము గోడలోని మేకు కాదు

దంతము గోడలో కొట్టిన మేకువలె ఎముకలో దిగబడి ఉండునని చాలమంది తలంతురు. అది పొరపాటు. దంతమూలమునకును, దాని చుట్టునున్న ఎముక గూటికిని నడుమ సుమారు 0.2 మిల్లీమీటరు మందము గల ఒక నారపొర కలదు. దీనిని పీరియోడాంటల్ లిగమెంట్ అందురు. అసంఖ్యాకమైన కొల్లాజెన్ నారలు ఒక కొసను దంతమూలమునకు, రెండవ కొసను ఎముకకు అంటిపెట్టుకొని, దంతమును ఊయలవలె మోయుచుండును. నమలునప్పుడు పడు ఒత్తిడిని ఈ పొరయే తట్టుకొనును. ఇందులో రక్తనాళములు, నాడులు కలవు. అన్నములోని చిన్న ఇసుక రేణువు పంటిక్రింద పడిన మరుక్షణమే మనకు తెలియుటకు ఈ నాడులే కారణము.

ఇదిగాక చిగురులో వేరొక నారల సముదాయము కలదు. ఎముక అంచుకు పైభాగమున, ఒక పంటి మెడ నుండి ప్రక్క పంటి మెడకును, చిగురులోనికిని ఈ నారలు అల్లుకొని ఉండును. వీటిలో కొన్ని రబ్బరువలె సాగి మరల ముడుచుకొను గుణము గలవి. మన కథలోని "లోపలి దొంగ" ముఖ్యముగా ఇదియే.

దంతములు ఎట్లు కదలును?

క్లిప్పుల తీగ దంతముపై స్వల్పమైన ఒత్తిడిని నిరంతరము కలిగించును. దంతము ఏ వైపునకు పోవలెనో ఆ వైపున నారపొర నలుగును, వెనుకవైపున సాగును. నలిగిన వైపున ఆస్టియోక్లాస్టులను కణములు చేరి ఎముకను కరగించి త్రోవ చేయును. సాగిన వైపున ఆస్టియోబ్లాస్టులను కణములు క్రొత్త ఎముకను నిర్మించి ఖాళీని పూరించును. స్వీడన్ దేశీయుడైన కార్ల్ శాండ్‌స్టెట్ కుక్కల దంతములపై ప్రయోగములు చేసి, 1904, 1905 సంవత్సరములలో ఈ సంగతిని ప్రకటించినాడు. ఈ విధముగా దంతము నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ప్రయాణించును. చికిత్సకు సంవత్సరముల కాలము పట్టుట ఇందువలననే.

కావున క్లిప్పులు తీసిన దినమున దంతముల పరిస్థితి ఏమి? చూచుటకు వరుస చక్కగా ఉండును. కాని లోపల నారపొర వెడల్పుగా, వదులుగా ఉన్నది. క్రొత్త ఎముక ఇంకను గట్టిపడలేదు. వ్రేలితో అదిమినచో దంతము కొంచెము కదలును. అట్టి స్థితిలో దానిని ఆధారము లేక విడిచినచో ఏమగునో ఊహించుట కష్టము కాదు.

మరల వెనుకకు పోవుటకు కారణములు

దంతములు పాతచోటికి మరలుటకు మూడు ముఖ్య కారణములు కలవు.

మొదటిది నారల లాగుడు. నారపొరలోని నారలు క్రొత్త స్థానమునకు అనుగుణముగా సర్దుకొనుటకు 3 మొదలు 4 నెలలు పట్టును. చిగురులోని కొల్లాజెన్ నారలకు 4 మొదలు 6 నెలలు కావలెను. సాగుగుణము గల నారలు మాత్రము ఒక సంవత్సరము గడచిన పిమ్మటను దంతమును వెనుకకు లాగగలవు. నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు కారె రైటన్ కుక్కల దంతములను త్రిప్పి, అచ్చటనే నిలిపి ఉంచి పరిశీలింపగా, 232 రోజుల తరువాత గూడ చిగురు నారలు సాగిన స్థితిలోనే కనిపించినవి. చికిత్సకు ముందు ఒరిగి తిరిగియున్న దంతములు తక్కినవానికంటె త్వరగా పాత వంకరకు పోవుటకు కారణమిదియే. నా ఎడమవైపు పన్ను చేసినదియు ఇదియే. 1970లో జాన్ ఎడ్వర్డ్స్ అను అమెరికా వైద్యుడు, అట్టి దంతముల చుట్టునున్న ఈ నారలను చిన్న శస్త్రముతో కోసి విడదీయు పద్ధతిని వివరించినాడు. అవసరమని తోచినచోట వైద్యులు నేడును దానిని చేయుదురు. అయినను అది రిటైనరునకు తోడు మాత్రమే కాని బదులు కాదు.

రెండవది పెదవులు, బుగ్గలు, నాలుక. దంతముల వరుస వెలుపల పెదవులకు, బుగ్గలకును, లోపల నాలుకకును నడుమ నిలిచి ఉన్నది. మాట్లాడునప్పుడు, మ్రింగునప్పుడు కలుగు బలము గొప్పదే అయినను క్షణికము. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఈ కండరములు గంటల తరబడి కలిగించు మెత్తని ఒత్తిడియే దంతములను జరుపును. ఆ సమతూకమునకు విరుద్ధమైన చోట దంతమును నిలిపినచో అది అచ్చట ఉండనొల్లదు.

మూడవది వయస్సు. క్లిప్పులు తీయునాటికి మనలో చాలమందికి దవడల పెరుగుదల పూర్తిగాదు. అటుపిమ్మట గూడ, జీవితకాలమంతయు, క్రింది దవడ ముందుభాగములో పళ్ళకు గల చోటు కొంచెము కొంచెముగా తగ్గుచు వచ్చును. ఎన్నడును క్లిప్పులు వేయించుకొననివారికి సైతము నడివయస్సులో క్రింది ముందుపళ్ళు ఇరుకున పడుటను మన ఇండ్లలోని పెద్దలను చూచి గ్రహింపవచ్చును. ఇది రోగము కాదు. చర్మము ముడుతలు పడుటవంటి సహజ పరిణామము.

లేతమొక్క గాలికి ఒరుగకుండ ఊతకర్ర కట్టుదుము. రిటైనరును దానితో పోల్చుట కలదు. మొదటి సంవత్సరమునకు ఈ పోలిక చక్కగా సరిపోవును. కాని మొక్క మ్రానైన తరువాత ఊతకర్ర అక్కరలేదు. దంతము అట్లు ఎన్నటికిని మ్రాను కాదు. ఈ భేదమును గుర్తించుటకు వైద్యశాస్త్రమునకు చాల కాలము పట్టినది.

శాస్త్రజ్ఞులు నేర్చుకొన్న పాఠము

ఆధునిక దంతక్రమ చికిత్సకు పితామహునిగా పేర్కొనబడు అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఆంగిల్ (1855–1930), 1899లో దంతముల అమరికలోని దోషములను వర్గీకరించినాడు. ఒక్క పంటినైనను తీయక, అన్నింటిని సరియైన కాటులో కూర్చినచో, కొంతకాలము ఆధారమిచ్చిన పిమ్మట అవి వాటంతట అవే నిలుచునని ఆయన నమ్మకము. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ అరిజోనా రాష్ట్రములో గురువు పద్ధతినే అనుసరించినాడు. కాని తాను చికిత్స చేసినవారిలో అనేకుల దంతములు మరల చెదరుటను గమనించినాడు. గురువుపై భక్తి ఉన్నను కన్నులు మూసికొనలేదు. అట్టివారికి నాలుగు అగ్రచర్వణకములను తీసి, ముందుపళ్ళను ఎముకపై నిటారుగా నిలిపి, తిరిగి చికిత్స చేసి, 1940 ప్రాంతములో తన ఫలితములను సహవైద్యుల ముందుంచినాడు. చోటు కల్పించి పళ్ళను సరిగా నిలిపినచో ఇక కదలవని అప్పుడు పలువురు విశ్వసించినారు.

ఆ విశ్వాసమును పరీక్షించినది సియాటిల్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయము. అచ్చటి ఆచార్యుడు రిచర్డ్ రీడెల్, అతని సహచరులు, చికిత్స ముగిసినవారిని ఏండ్ల తరబడి మరల మరల పిలిపించి, వారి దంతముల అచ్చులను భద్రపరచినారు. 1981లో రాబర్ట్ లిటిల్ మొదలగువారు, అగ్రచర్వణకములు తీయించి చికిత్స పొందిన 65 మంది వివరములను ప్రకటించినారు. వారందరును రిటైనర్లు మాని కనీసము 10 సంవత్సరములైనవారు. వారిలో సుమారు మూడింట రెండువంతుల మందికి క్రింది ముందుపళ్ళ వరుస సంతృప్తికరముగా లేదు. 1988లో ప్రకటించిన రెండవ పరిశీలనలో 20 సంవత్సరములు గడచిన 31 మందిని చూడగా, చక్కని వరుస నిలిచినది సుమారు పదింట ఒక వంతు మందికే. ఎవరికి నిలుచునో, ఎవరికి చెదరునో ముందుగా చెప్పుటకు నమ్మదగిన గుర్తు ఏదియు వారికి లభింపలేదు.

పాఠకులు ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. ఆ రోగులకు చికిత్స చేసినవారు అనుభవము లేనివారు కారు. చికిత్స లోపభూయిష్టమైనందున దంతములు చెదరలేదు. దంతము సజీవమైన కణజాలములో నిలిచియున్నందున చెదరినవి. నా పన్ను తిరిగిపోయినప్పుడు నేను మొదట వైద్యులనే నిందించుకొంటిని. పై సంగతులు తెలిసిన తరువాత ఆ నింద న్యాయము కాదని తెలిసికొంటిని. అయితే జీవితకాలపు నియమమును క్లిప్పులు తీసిన దినపు సంబరములో ఒక్క వాక్యముగా చెప్పి విడుచుట గూడ చాలదని నా అభిప్రాయము. ఆ మాటను చికిత్స ప్రారంభించు దినముననే, తల్లిదండ్రుల ఎదుటనే చెప్పవలెను.

రిటైనర్లలో రకములు

నేడు వాడుకలో ఉన్నవి ముఖ్యముగా మూడు రకములు.

హాలీ రిటైనర్: అమెరికా వైద్యుడు చార్లెస్ హాలీ 1919లో దీనిని వివరించినాడు. అంగిటికి సరిపడు ఆక్రిలిక్ పలక, ముందుపళ్ళపై వంగిన ఒక తీగ, వెనుక పళ్ళను పట్టుకొను కొక్కెములు దీని భాగములు. వంద సంవత్సరములు దాటినను నేటికిని వాడుకలో ఉండుట దీని దృఢత్వమునకు నిదర్శనము. తీగను వైద్యుడు కొంచెము సవరింపగలడు. కాని తీగ పైకి కనిపించును. మొదటి కొన్ని దినములు మాట తడబడును. బిగ్గరగా చదువుట అభ్యసించినచో ఆ తడబాటు పోవును.

పారదర్శకపు తొడుగు: పలుచని ప్లాస్టిక్ రేకును వేడిచేసి, పళ్ళ అచ్చుపై పరచి, గాలిని లాగివేసి దీనిని తయారు చేయుదురు. 1993లో జాన్ షెరిడాన్ మొదలగువారు వివరించిన ఎసిక్స్ రిటైనర్ ఈ జాతిలోనిది. పెట్టుకొన్నట్లు పైకి తెలియదు. కాని హాలీ రిటైనరుకంటె త్వరగా అరిగిపోవును, పగులును. వేడికి రూపు చెడును.

అతికించిన తీగ: పంటి పింగాణి పొరను ఆమ్లముతో గరుకు చేసి జిగురు పట్టించు పద్ధతిని 1955లో బునోకోర్ కనుగొన్నాడు. ఆ ఆధారముతో, ముందుపళ్ళ లోపలివైపున సన్నని తీగను అతికించు పద్ధతిని 1973లో నైరిమ్ ప్రకటించినాడు. కొన్ని పోగులు కలిపి పేనిన తీగను 1977లో నార్వే వైద్యుడు జాక్రిసన్ పరిచయము చేసినాడు. దీనిని మరచిపోవుట గాని పారవేసికొనుట గాని జరుగదు. కాని తీగ చుట్టు గార పేరుకొనును. క్రింది ముందుపళ్ళ వెనుకనే లాలాజల నాళములు తెరచుకొనుటవలన అచ్చట గార పట్టుట మరింత ఎక్కువ. ఒక పంటివద్ద జిగురు ఊడినను మనకు తెలియకపోవచ్చును. ఆ పన్ను నిశ్శబ్దముగా కదలిపోవును. వంగిన తీగ తానే పంటిని త్రిప్పివేయుటయు అరుదుగా కలదు. కావున "అతికించినారు గదా" యని వైద్యుని చూచుట మానరాదు.

వీటిలో ఏది శ్రేష్ఠము? ప్రపంచములోని ప్రయోగ ఫలితములను సమీక్షించు కాక్రేన్ సంస్థ 2016లోను, మరల 2023లోను ఈ విషయమును పరిశీలించినది. ఒక రకమే తక్కిన వానికంటె మేలని నిర్ణయించుటకు తగిన ఆధారములు లేవని తేల్చినది. వైద్యుడు మన దంతముల స్థితిని, మన అలవాట్లను చూచి నిర్ణయించును. మన వంతుగా చెప్పదగినది ఒక్కటే: పెట్టెలో ఉన్న శ్రేష్ఠమైన రిటైనరుకంటె నోటిలో ఉన్న సామాన్యమైన రిటైనరు మేలు.

ఎంతకాలము పెట్టుకొనవలెను?

పూర్వము వైద్యులు మొదటి కొన్ని నెలలు భోజన సమయము తప్ప పగలు రాత్రి పెట్టుకొమ్మని, పిమ్మట రాత్రులు మాత్రము చాలునని చెప్పెడివారు. పలువురు నేడును అట్లే చెప్పుచున్నారు. 2007లోను, 2010లోను బ్రిటన్‌లో ప్రకటింపబడిన ప్రయోగములలో, పారదర్శకపు తొడుగులను రోజంతయు పెట్టుకొన్నవారికిని, రాత్రులు మాత్రమే పెట్టుకొన్నవారికిని ఆరు నెలలు, ఒక సంవత్సరము నాటికి చెప్పుకోదగిన భేదము కనిపించలేదు. కాని ప్రతివాని నోరును ఒకటి కాదు. ఎన్ని గంటలన్నది తన వైద్యుడు చెప్పినట్లే వినవలెను.

ఎన్ని సంవత్సరములన్న ప్రశ్నకు మాత్రము సియాటిల్ పరిశీలన తరువాత సూటియైన సమాధానమే మిగిలినది. వరుస ఎంతకాలము చక్కగా ఉండవలెనని కోరుదుమో అంతకాలము. ఇది విని భయపడ నక్కరలేదు. కన్నులకు అద్దములు పెట్టుకొనువారు జీవితాంతము పెట్టుకొనుచున్నారు గదా! ఇచ్చట కావలసినది రాత్రి నిద్రాసమయము మాత్రమే.

దంతములు కదలుచున్నవా యని తెలిసికొనుటకు రిటైనరే ఒక కొలబద్ద. పెట్టుకొన్నప్పుడు బిగువుగా తోచినచో, విడిచిన కాలములో దంతములు కొంత జరిగినవని అర్థము. మరల క్రమముగా పెట్టుకొనవలెను. అసలే దిగనిచో బలవంతముగా నొక్కరాదు. ఆలసింపక వైద్యుని చూపింపవలెను. ఒక వారములో సరిదిద్దదగినది ఒక సంవత్సరములో సరిదిద్దరానిది కావచ్చును.

జ్ఞానదంతముపై అపవాదు

ముందుపళ్ళు మరల ఇరుకున పడినప్పుడు, వెనుక వచ్చు జ్ఞానదంతములు త్రోయుటవలననే అని ఇంటింట చెప్పుకొందురు. ఈ భయముతో నొప్పిలేని పంటిని సైతము తీయించుకొనువారు కలరు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరములో, చికిత్స ముగిసిన యువకులలో కొందరికి జ్ఞానదంతములు తీసి, కొందరికి తీయక, సగటున ఐదున్నర సంవత్సరములు వేచి చూచినారు. 1998లో ఆ ఫలితములు వెలువడినవి. ముందుపళ్ళ ఇరుకును ఆపుటకని జ్ఞానదంతములు తీయుట సమర్థనీయము కాదని వారు నిర్ణయించినారు. పుచ్చుట, వాచుట వంటి వేరు కారణములున్నచో తీయించుకొనవలసినదే. కాని రిటైనరు చేయవలసిన పనిని ఆ శస్త్రచికిత్స చేయదు.

సంరక్షణ నియమములు

1. రిటైనరునకు రెండే స్థానములు: ఒకటి నోరు, రెండవది పెట్టె. కాగితములో చుట్టుట, చొక్కా జేబులో వేయుట, దిండు క్రింద పెట్టుట కూడదు.

2. భోజనమునకు ముందు తీయవలెను. నోరు శుభ్రము చేసికొనిన పిమ్మటనే మరల పెట్టుకొనవలెను. తొడుగు ఉండగా తీపి పానీయములు త్రాగినచో, చక్కెర లోపల చిక్కి దంతములను పుచ్చించును.

3. చల్లని నీటితో, మెత్తని కుంచెతో, కొద్దిపాటి సబ్బుతో కడుగవలెను. గరుకైన పళ్ళపొడితో తోమినచో తొడుగుపై గీతలు పడి మురికి చేరును. వేడినీరు తగులనీయరాదు. ఎండ పడు కిటికీలో ఉంచరాదు.

4. పెంపుడు కుక్కకు, చిన్నపిల్లలకు అందని చోట ఉంచవలెను. నోటివాసన సోకిన వస్తువును కుక్క ప్రీతితో కొరుకును.

5. అతికించిన తీగ గలవారు దాని క్రిందుగా దారము త్రోసి శుభ్రము చేయు విధానమును వైద్యుని వద్ద నేర్చుకొనవలెను. నాలుక కొసతో తడిమి, ఎచ్చటనైన ఊడినదేమో చూచుకొనుచుండవలెను.

6. విరిగినను, పోయినను ఆ వారములోనే క్రొత్తది చేయించుకొనవలెను. సిగ్గుపడి దాచినచో ఖర్చు పెరుగునే కాని తరుగదు. దీనికి నేనే సాక్షిని.

7. క్లిప్పులు వేయించుకొనుటకు ముందే వైద్యుని ఈ మూడు ప్రశ్నలు అడుగవలెను. రిటైనరు ఖర్చు మొత్తములో చేరియున్నదా? పోయినచో మరియొకదానికి ఎంత? చికిత్స తరువాత ఎన్ని పర్యాయములు చూపింపవలెను?

ఖర్చు భరింపలేనివారు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలను ఆశ్రయింపవచ్చును. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ వద్దనున్న ప్రభుత్వ దంతవైద్య కళాశాల అట్టిది. 1920లో కలకత్తా నగరమున డాక్టర్ రఫీఉద్దీన్ అహ్మద్ గారు మన దేశములో మొట్టమొదటి దంతవైద్య కళాశాలను స్థాపించినారు. అట్టి కళాశాలల ఆసుపత్రులలో ప్రైవేటు వైద్యశాలలకంటె ఖర్చు తక్కువ. వేచియుండవలసిన కాలము మాత్రము కొంత ఎక్కువ.

ముగింపు

మా నాన్నగారి ప్రశ్నకు ఇప్పుడు నావద్ద సమాధానము కలదు. క్లిప్పులకు పెట్టిన డబ్బు దండుగ కాదు. దానిని కాపాడుకొనవలసిన చిన్న పనిని నేను చేయలేదు. మెస్సులో రిటైనర్లు పోయిన సంగతిని ఇన్నాళ్ళకు వారితో చెప్పితిని. వారు కొంతసేపు మౌనముగా ఉండి, "అప్పుడే చెప్పి ఉంటే క్రొత్తవి చేయించేవాణ్ణి గదరా" అన్నారు. కోపపడి ఉన్నచో నాకింత బాధ కలిగియుండెడిది కాదు.

వైద్యులు నన్ను మరల పరీక్షించి, కొన్ని నెలల చికిత్సతో పన్ను తిరిగి సరియగునని చెప్పినారు. నేను వలదంటిని. ఆ డబ్బు మా చెల్లెలి చికిత్సకు ఉపయోగపడవలెనని నా కోరిక. నా దంతములు ఉన్నవి ఉన్నట్లు నిలుచుటకు మాత్రము క్రొత్త రిటైనర్లు చేయించుకొంటిని. ఆ పన్ను కొంచెము వంకరగానే ఉండును. ఇకమీదట అంతకంటె వంకర పోదు.

మా చెల్లెలికి క్లిప్పులు వేసిన దినముననే నేనొక సబ్బుపెట్టె కొని ఇచ్చితిని. "ఇప్పుడే ఎందుకన్నయ్యా? ఇంకా రెండేళ్ళు పడుతుందిగా" అని అది నవ్వినది. రెండేళ్ళ తరువాత చెప్పినచో ఆ సంబరములో వినిపించదని, అందుకే ఇప్పుడు ఇచ్చుచున్నానని చెప్పితిని. క్లిప్పులు ధరించియున్న నా సహవిద్యార్థినీ విద్యార్థులకు గూడ నేను చెప్పదలచినది ఇంతే. దంతములను సరిచేయు బాధ్యత వైద్యునిది. సరిచేసినవానిని నిలుపుకొను బాధ్యత మనది. ఆ రెండవ బాధ్యత ప్రతి రాత్రి నిద్రకు ముందు ఒక్క నిమిషము పని.